ముప్పైయెనిమిదో నంబరు క్లిప్పు

బేస్‌మెంట్‌లో ఫర్నేస్ వెనక,
మంచు స్కేట్ల పెట్టె కింద దొరికింది రెక్క.
ఒక్క రెక్కే.
బాల్సా ఎముకలు, మీద కాగితం చర్మం.
మూడో ఎముకని ఏదో ఎలుక రుచి చూసి వదిలేసింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఆముదం.
ఇంజన్‌లో కాలిన ఆముదం వాసన
ముప్పైమూడు చలికాలాలు దాటి
ఇంకా మొహం చాటెయ్యలేదు.

దాని అంచుని కరుచుకుని బట్టల క్లిప్పు. చెక్కది.
మీద ఎర్ర రంగుతో 38.
క్లబ్బు క్లిప్పులన్నిటికీ నంబర్లు వేసింది నేనే.

ఇప్పటి పిల్లలకి విడమరిచి చెప్పాలి.
మానిటోబా ఆకాశం ఎంత వెడల్పున్నా
ఆ రోజుల్లో ఒక నంబరు మీద ఒక్కడే ఎగరేయాలి.
పలక మీది క్లిప్పు తీసి చొక్కాకి పెట్టుకున్నాకే
రేడియో మీట నొక్కాలి.
క్లిప్పు లేకపోతే చేతులు జేబుల్లో.

కంట్లో శుక్లం తీయించుకున్న నాలుగో వారం
కొత్త విమానం కొన్నాను.
నురుగుతో పోసిన బొమ్మ, బ్యాటరీది.
జిగురక్కర్లేదు, ఓపికక్కర్లేదు, ఆముదం అసలే అక్కర్లేదు.
రేడియోలు వాటిలో అవే మాట్లాడుకుని
దారులు పంచుకుంటాయట.
క్లిప్పుల పలక ఎక్కడ పెడతారని అడిగితే
షాపులో అమ్మాయి
నా యాస ఏ దేశందో వెతుకుతున్నట్టు చూసింది.

సెప్టెంబరు ఆఖరు. కోసేసిన గోధుమ చేను.
కొయ్యకాళ్ల మధ్య మడతకుర్చీలో విల్ఫ్ హాల్డర్‌సన్.
పక్షవాతం వచ్చిపోతూ
అతని ఎడమ భుజాన్ని కొంచెం కిందికి దించి పోయింది.
ఇప్పుడు ఎగరేయడు. చూస్తాడు. చూసి తిడతాడు.

లేచింది.
చేతులు ఏదీ మర్చిపోలేదని రాయాలని ఉంది.
మర్చిపోయాయి.
ముప్పయ్యేళ్లు స్కూలు బస్సు తోలిన చేతులు,
ప్రతి గేటు దగ్గరా ఆగడం నేర్చినవి,
గాల్లో ఆగకూడదన్న సంగతే మర్చిపోయాయి.

వెళ్లేటప్పుడు అంతా బాగానే ఉంటుంది.
మొహం మనవైపు తిప్పుకుని వచ్చేటప్పుడే
కుడి వెళ్లి ఎడమలో కూర్చుంటుంది.
దిద్దేకొద్దీ చెడింది.
"కుంగిన రెక్క ఏదో చూడు! కర్రని అటే తొయ్యి,
ఒరిగిన కొట్టానికి రాట పెట్టినట్టు!
ఎనభైతొమ్మిదిలోనే చెప్పాను కదయ్యా ఒరెస్ట్!"

తోశాను. సర్దుకుంది.
పొట్ట మీద జారుకుంటూ వచ్చి
ప్రొపెల్లర్ విరగ్గొట్టుకుని ఆగింది.

అప్పుడు జేబులోంచి క్లిప్పు తీసి
అతని మోకాలి మీద పెట్టాను.
"నీ ఎర్ర విమానం," అన్నాను.

తొంభైరెండు జూలై, ఆదివారం.
అది పైన ఉంది. నేను పలక వైపు చూడలేదు.
వ్యాను వెనక నిలబడి, ఛార్జి ఎంతుందో చూద్దామని
మీట నొక్కాను.
మూడు సెకన్లు.
ఎర్రది ముక్కు కిందికి పెట్టి
పసుపు పచ్చటి ఆవచేలో దిగిపోయింది.

వెతకడానికి అందరికంటే ముందు పరిగెత్తింది నేనే.
మట్టిలోంచి ఇంజన్ తవ్వి తీసింది నేనే.
నీ చొక్కా నుంచి ఊడిపడిన క్లిప్పుని
ఏరి జేబులో వేసుకున్నదీ నేనే.
పై ఆదివారం రాలేదు. ఆ పైది కూడా.
బస్సన్నాను, పిల్లలన్నాను, నడుమన్నాను;
అడిగిన ఒక్కొక్కరికీ ఒక్కో కారణం.

విల్ఫ్ క్లిప్పు నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.
స్ప్రింగు పట్టు వదల్లేదు.
"బ్యాటరీ అనుకున్నాను," అన్నాడు.
"కంపెనీకి తిడుతూ ఉత్తరం రాశాను. రెండు రాశాను.
పాపం, వాళ్లు కొత్తది పంపారు."

నేను నవ్వబోయి ఆగాను. అతను నవ్వలేదు.
నెత్తి మీదుగా బాతుల బారు ఒకటి
సరస్సు వైపు అరుచుకుంటూ పోయింది.

ఆ తర్వాత, పనిచేసే చేత్తో,
మూడో ప్రయత్నానికి
క్లిప్పుని నా చొక్కా అంచుకి పెట్టాడు.
"ఇంకో ప్రొపెల్లర్ తెచ్చావా?"

తెచ్చాను.
దగ్గర్నుంచి చూస్తానని అతను లేవబోతే
కుర్చీ ఎడమకి ఒరిగింది.
వెళ్లి అటుపక్కే నిలబడ్డాను.